ఫైళ్ళ రావుగారి ఓటు

జర్మనీలో జిండెల్ఫింగెన్ ఊళ్ళో, విదేశీయులకి అనుమతులిచ్చే ఫారినర్స్ ఆఫీసుకి వెళ్ళాల్సినవాళ్ళు ముందుగా వాసుదేవరావుగారి ఇంటికి వెళ్తారు. ఆఫీసు తొమ్మిదింటికి తెరుస్తారు. రావుగారి భోజనాల బల్ల ఏడున్నరకే తయారుగా ఉంటుంది. డెబ్భై మూడేళ్ళ మనిషి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ఒక పక్క కాగితాలకు చిల్లులు పెట్టే మిషను, ఒక పక్క చెక్కిన పెన్సిళ్ళు పేర్చుకుని కూర్చుంటారు. వచ్చినవాళ్ళు ఇటలీవాళ్ళు కానివ్వండి, పోలండువాళ్ళు కానివ్వండి, కుశలప్రశ్నలకంటే ముందు ఆయన అడిగే మాట ఒకటుంది. "ఒరిజినల్ తెచ్చారా?"

ఈ పెత్తనం ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. జర్మనీ దేశం యూరప్ కూటమిలో ఉందామా, బయటికి పోదామా అని జనాన్ని అడగడం, నూటికి యాభై ఒక్కమంది పోదామనడం రెండేళ్ళ కిందటి సంగతి. అప్పటిదాకా రుమేనియావాళ్ళో హంగేరీవాళ్ళో సంచీ తగిలించుకుని బస్సెక్కి వచ్చి, దిగినచోట పని వెతుక్కుని, నచ్చినన్నాళ్ళు ఉండేవాళ్ళు. ఓటు తరవాత వాళ్ళకీ గడువొకటి వచ్చిపడింది. ఈ మార్చి ముప్పై ఒకటిలోగా అనుమతి తెచ్చుకోనివాళ్ళు మూటాముల్లే సర్దుకోవాల్సిందే. పాపం, వాళ్ళకి ఇలాంటివి అలవాటేవీ? టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, అంటే పళ్ళ డాక్టరు దగ్గర తీసుకునేదనే వాళ్ళకి తెలుసు. పాస్‌పోర్టు అంటే విమానాశ్రయంలో ఊపి చూపించేదనుకునేవాళ్ళు.

అదే మన తెలుగువాళ్ళో? పదో తరగతి సర్టిఫికెట్టు జిరాక్సులు మూడు సెట్లు లేకుండా ఊరి పొలిమేర దాటిన పాపాన పోయామా? రావుగారికి ఆ విద్య వెన్నతో పెట్టింది. కాగితాలకి స్టేపుల్ కొట్టకూడదు, క్లిప్పు పెట్టాలి. పీకేటప్పుడు కాగితం చిరిగితే ఆఫీసరుకి చిరాకు, ఆ చిరాకు తిరిగి మన నెత్తినే పడుతుంది. ప్రతి పేజీకీ పెన్సిల్‌తో అంకె వెయ్యాలి. అడిగిన కాగితం ముందూ అడగబోయే కాగితం వెనకా ఉండాలి. అన్నీ అయ్యాక చివరి పేజీ మూల ఒక పసుపు చుక్క పెట్టి, అప్పుడు ఫైలు చేతికిస్తారు. ఆ పసుపేమిటని పోలండు మేస్త్రీ ఒకడు అడిగితే, "అది లేకపోతే పని అవదు" అన్నారాయన, గంభీరంగా. ఆఫీసులో వాళ్ళు కూడా పసుపు ఫైలు వచ్చిందంటే ఊపిరి పీల్చుకుంటారని ఒక వదంతి ఉంది.

నలభై ఏళ్ళుగా ఊళ్ళో ఐస్‌క్రీం అమ్ముతున్న సాల్వతోరే ఆ బల్ల ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఈ ఊరి పిల్లలందరికీ నేను ఐస్‌క్రీం పెట్టాను, ఇప్పుడు నేనెవరో నన్నే రుజువు చేసుకోమంటున్నారన్నాడు. రావుగారు అతని ముందున్న కాగితాలు పక్కకి జరిపి, కాఫీ ఇచ్చి, "ముందు తాగు. ఏడిస్తే సంతకాలు చెదిరిపోతాయి" అన్నారు. అతని ఫైలు మూడు రోజులు పట్టింది, అనుమతి మాత్రం చక్కగా వచ్చింది.

వచ్చినవాళ్ళందరూ వెళ్తూ వెళ్తూ అడిగే ప్రశ్న ఒకటే. అసలీ పోదామనే ఓటు వేసిందెవరు? ఎదురింటివాళ్ళు వెయ్యలేదట. బేకరీ ఆవిడ వెయ్యలేదట. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. రావుగారు మాత్రం ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. ఎందుకంటే వేసినవాళ్ళలో ఆయనొకరు.

ఇది విని ఆయన్ని తిట్టుకోబోయేవాళ్ళు కాస్త ఆగాలి. తిట్టడం ఎప్పుడైనా తిట్టవచ్చు.

కాకినాడ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి ఆయన ఈ ఊరు వచ్చింది డెబ్భై ఏడులో. కార్ల ఫ్యాక్టరీలో, రేకు మీద అచ్చు పడే ప్రెస్సుల దగ్గర ఉద్యోగం. కారు తలుపు రేకు అచ్చులోంచి బయటికి వచ్చాక, నూలు గ్లవ్ తొడుక్కుని దానిమీద అరచెయ్యి నెమ్మదిగా పోనిస్తే, కంటికి కనపడని సొట్ట చేతికి తగులుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆయన చేసిన పని అదే. దీపాలు పెట్టి చూసినా దొరకని సొట్టని రావు చెయ్యి పట్టుకుంటుందని జర్మన్ మేస్త్రీలు చెప్పుకునేవాళ్ళు.

డెబ్భై ఎనిమిదిలో సెలవు పెట్టి వెళ్ళి పాలకొల్లు సంబంధం హైమావతిని పెళ్ళి చేసుకుని, నెలలో నువ్వూ వచ్చేస్తావు అని చెప్పి వచ్చారు. ఆ నెల మూడేళ్ళయింది. పెళ్ళికి రిజిస్టరు కాగితం లేదు. శుభలేఖ చాలదన్నారు, పురోహితుడి ఉత్తరం చాలదన్నారు. ఒక కాగితం సంపాదిస్తే ఇంకో కాగితం పాతబడేది. ఆ మూడేళ్ళూ ఆయన ఫ్యాక్టరీ హాస్టల్లో గుడ్లు ఉడకబెట్టుకుని తిన్నారు. అదే హాలులో పనిచేసే ఇటలీవాడి పెళ్ళాం మాత్రం, ఇటలీ కూటమిలోదే కాబట్టి ఏ కాగితమూ అక్కర్లేక, వాడు కబురు పెట్టిన మర్నాడే రైలెక్కింది. వాడు గదంతా పూలు పెట్టి, రావుని కూడా భోజనానికి పిలిచాడు. రావు వెళ్ళి తిని వచ్చారు. ఆ తిన్నది నలభై ఏళ్ళయినా అరగలేదు. మంచివాళ్ళకి కూడా కడుపులో ఇలాంటి మూల ఒకటుంటుంది, మనం ఒప్పుకోం గానీ.

ఓటు ముందు ఊరంతా గోడలమీద పోస్టర్లు. వాటిలో ఒకదానిమీద "అందరికీ ఒకే వరస" అని ఉండేది. రుమేనియా వాడైనా ఇండియా వాడైనా ఇకమీదట ఒకే వరసలో నిలబడతాడు, చదువునిబట్టీ పనినిబట్టీ లోపలికి వస్తాడు అని దాని భావం. మన తెలుగు సంఘం సమావేశంలో కూడా అదే చర్చ. బ్లూ కార్డు అనే ఉద్యోగం వీసా మీద వచ్చి ఓటు హక్కే లేని విజయేంద్ర అనే హైదరాబాదు కుర్రాడు అందరికంటే గట్టిగా మాట్లాడాడు. "చూడుండ్రి అంకుల్, వాళ్ళ క్యూ బంద్ చేస్తే మన క్యూ జల్ది కదుల్తది. సింపుల్ లాజిక్." రావుగారి మేనల్లుడు సాయి కిరణ్‌కి అప్పటికి రెండుసార్లు వీసా తిరిగొచ్చింది. ఎప్పుడో జర్మన్ పౌరసత్వం తీసుకున్న రావుగారు ఇంటికి వచ్చి, పోస్టులో వచ్చిన బ్యాలెట్ విప్పి, పోదాం అన్నదానికి ఎదురుగా గుర్తు పెట్టారు. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడమంటే ఇదే. కాకపోతే ఆ తెప్ప తనది కాదని ఆయన అనుకున్నారు.

పోస్టరువాళ్ళు మాట తప్పలేదు. అందరికీ ఒకే వరస వచ్చింది. ఆ వరస రెండింతలు పొడుగైంది. సాయి కిరణ్‌కి మూడోసారి కూడా రాలేదు.

ఇక ఇంట్లో సంగతి. హైమావతిగారికి మతిమరుపు జబ్బు మొదలై ఆరేళ్ళు. ముందు జర్మన్ పోయింది. నలభై ఏళ్ళు మాట్లాడిన భాష, దుకాణాల్లో బేరాలాడిన భాష, ఒక చలికాలంలో మొత్తం తుడుచుకుపోయింది. తరవాత ఇంగ్లీషు పోయింది. పాలకొల్లు తెలుగొక్కటి మిగిలింది. కూతురు మీరా డార్మ్‌స్టాట్‌లో పరిశోధనశాలలో పనిచేస్తుంది. వారం వారం వచ్చి తల్లి పక్కన కూర్చుంటుంది గానీ, ఆ పిల్ల తెలుగు అన్నం, నీళ్ళు, అమ్మమ్మ లాంటి పొడి పొడి మాటల దగ్గరే ఆగిపోయింది. తల్లి మాటలకి నవ్వి, తండ్రి వైపు తిరిగి "వాస్ జాగ్ట్ సీ, నాన్నా?" అని, ఏమంటోందో అడుగుతుంది.

ఇలాంటి ఇంటికి నాలుగేళ్ళ కిందట డోయినా వచ్చింది. రుమేనియాలో బొటోషాన్ అనే ఊరు, యాభై నాలుగేళ్ళు, భర్త లేడు. ముసలివాళ్ళని చూసుకునే ఆడవాళ్ళు ఇద్దరు వంతులేసుకుని, రెండు నెలలు ఒకరు, రెండు నెలలు ఒకరు రావడం ఇక్కడి పద్ధతి. మొదటి రెండేళ్ళు డోయినా అలాగే వచ్చి వెళ్ళేది. రెండో ఆవిడ మానేశాక ఇక్కడే ఉండిపోయింది. హైమావతిగారు పొద్దున్న లేచింది మొదలు మాట్లాడుతూనే ఉండేవారు. డోయినా వినేది, అదే మాట తిరిగి అనేది, చెయ్యి చూపించి అడిగేది. ఏడాదికి తెలుగు పట్టుబడింది. ఇప్పుడు గుడ్డలు ఆరేస్తూ "అమ్మగారూ, ఎండ ఒచ్చిందండి, ఇలా రండి" అంటుంటే, గోడవతల నిలబడ్డ కొత్తవాళ్ళు పశ్చిమగోదావరి మనిషేననుకుంటారు.

రోజూ సాయంత్రం వాళ్ళిద్దరి మధ్యా ఒకటే సంభాషణ.

"ఏమ్మా, మీ ఇంటిపేరేంటి?" అని హైమావతిగారు అడుగుతారు.

"మున్‌త్యాను అండి."

"మున్‌త్యాను వారా. మావైపు వినలేదే. ఏ ఊరు మీది?"

"బొటోషాన్ అండి."

"మార్టేరు దాటాకా?"

"ఆయ్. ఇంకొంచెం పైకెళ్ళాలండి."

పక్కగదిలో ఈ మాటలు వింటూ ఫైళ్ళకి అంకెలు వేసుకోవడం రావుగారికి రోజు మొత్తంలో ఇష్టమైన వేళ.

ఊరందరి ఫైళ్ళూ ఒక ఎత్తు, డోయినా ఫైలు ఒక ఎత్తు అయింది. అయిదేళ్ళు ఆగకుండా ఉన్నట్టు కాగితాలు చూపిస్తే అనుమతి దానంతటదే వస్తుంది. వంతులేసుకుని వచ్చి వెళ్ళిన రెండేళ్ళూ లెక్కలోకి రావు. నర్సు సర్టిఫికెట్టు లేదు. మిగిలింది ఒకే దారి. ఫలానా రోగికి ఫలానా మనిషి తప్ప వేరెవరూ పనికిరారని రుజువు చెయ్యాలి. డాక్టరు ఉత్తరం, ఇంటి పెద్ద స్వయంగా రాసిన వాంగ్మూలం, ఆ తరవాత రోగిని కూడా వెంటబెట్టుకుని ఆఫీసులో ముఖాముఖి. ఫిబ్రవరి పద్ధెనిమిదికి టెర్మిన్ దొరికింది. అది తప్పితే గడువులోగా ఇంకోటి లేదు.

వాంగ్మూలం రాయడానికి రావుగారు కూర్చున్నారు. రెండు వందలమందికి రాసిపెట్టిన చెయ్యి. మొదటి నాలుగు వాక్యాలు గడగడా సాగాయి. "ఈమె లేకపోతే నా భార్యకి మాట్లాడటానికి నేను తప్ప ఈ దేశంలో మనిషి ఉండదు" అని రాశారు. రాసి, చదువుకుని, పెన్ను కింద పెట్టేశారు. ఎదురుగా డోయినా బెండకాయలు తరుగుతోంది.

"ఏంటండయ్యగారూ, ఆగిపోయారు?" అంది. తరవాత తనలో తను అనుకుంటున్నట్టుగా, "ఈ టేబులు కాడికి ఇంతమందొచ్చారు కదండీ, ఒక్కళ్ళన్నా నేనేశానన్నోళ్ళు లేరు. మరి ఎవరేశారంటారు?"

"నేను వేశాను," అన్నారు రావుగారు.

ఆమెకి మొదట అర్థం కాలేదు. ఆయన మళ్ళీ చెప్పారు. పోస్టరు గురించి, సాయి కిరణ్ గురించి, ఇటలీవాడి పెళ్ళాం గురించి, ఆ మూడేళ్ళ గురించి, అంతా చెప్పారు. చెప్తూ ఉంటేనే అవి ఎంత పాత సంగతులో ఆయనకి తెలుస్తోంది.

డోయినా కత్తి పక్కన పెట్టింది. "పోస్టులో ఏశారా?"

"అవును."

"ఎర్ర కవరు. బజారుకెళ్తా నేనే డబ్బాలో ఏశాను కదండీ. మీరే ఇచ్చారు నా చేతికి."

రావుగారు తల వంచుకున్నారు. ఆ ముక్క ఆయన మర్చిపోలేదు. రెండేళ్ళుగా కళ్ళజోడు తుడుచుకుంటున్నది దానికే.

"ఏసేటప్పుడు నన్ను తలుచుకున్నారా?" అని అడిగింది.

అవునంటే తప్పు, కాదంటే ఇంకా తప్పు. "లేదు," అన్నారాయన. "నన్ను నేనే తలుచుకున్నాను."

ఆమె లేచి పొయ్యి ఆపింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, జర్మన్‌లో "అర్థమైంది, హెర్ రావ్" అని మేడమీదికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో తెలుగు నేర్చుకున్నాక ఆమె ఆయన్ని, అయ్యగారూ అని కాక, పరాయివాళ్ళలా హెర్ రావ్ అనడం అదే మొదలు.

తరవాత తొమ్మిది రోజులూ ఆయన హెర్ రావే. హెర్ రావ్, భోజనం సిద్ధం. హెర్ రావ్, మందులు అయిపోయాయి. అమ్మగారితో మాత్రం మామూలుగానే నవ్వుతూ, ఇంటిపేరు చెప్తూ, జడ వేస్తూ ఉంది. తిట్టి ఉంటే బాగుండేది. కూరలో ఉప్పు ఒక్క పలుకు తగ్గలేదు. అదే ఆయనకి మింగుడు పడలేదు.

మీరాకి ఫోను చేసి చెప్పారు. ఆ పిల్ల రెండేళ్ళ కిందట, కూటమిలో ఉందామనేవాళ్ళ తరఫున వీధి వీధీ తిరిగింది.

"నాన్నా, ఆర్ యూ సీరియస్?" అంది. తరవాత, "అమ్మకి చెప్పావా?"

"అమ్మకి ఏం చెప్పను? చెప్పినా గుర్తుంటుందా?"

"ఎగాల్, పర్లేదు నాన్నా. మర్చిపోనీ. బట్ చెప్పు."

చెప్పారు. కిటికీ దగ్గర ఎండలో కూర్చున్న హైమావతిగారి పక్కన కుర్చీ వేసుకుని, తప్పు ఓటు వేశాను హైమా అన్నారు. ఆవిడ జాలిగా చూసింది. "అయ్యో. ఎవరు నిలబడ్డారండీ?"

"ఎవరూ నిలబడలేదు."

"మరింకేం? ఊరుకోండి," అంది ఆవిడ, ఆయన చెయ్యి తట్టి.

ఆయన ఊరుకోలేదు. ఆ మధ్యాహ్నమే వాంగ్మూలం తీసి పూర్తి చేశారు.

ఫిబ్రవరి పద్ధెనిమిదిన ముగ్గురూ బయల్దేరారు. సన్నగా మంచు పడుతోంది. బస్సులో డోయినా అమ్మగారి పక్కన, రావుగారు వెనక సీట్లో ఫైలుతో. డోయినాకి అనుమతి రాకపోతే ఏమవుతుందో ఆయన అప్పటికి వందసార్లు అనుకున్నారు. ఇంకో మనిషి వస్తుంది, మంచి మనిషే వస్తుంది. హైమ ఆమెతో పొద్దున్నుంచి సాయంత్రందాకా మాట్లాడుతుంది, జవాబు రాదు. కొన్నాళ్ళకి మాట్లాడటం మానేస్తుంది. ఆ తరవాత మిగిలేదేమిటో అనుకోవడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

గదిలో ఆఫీసరు ఒక నడివయసు స్త్రీ, ఫ్రౌ బ్రాండ్. పక్కన దుబాసీగా మనోజ్ఞ అనే వరంగల్ ఆవిడ ఉంది. ఇంటివాళ్ళు అనువదిస్తే చెల్లదు కాబట్టి ఆఫీసువాళ్ళే పిలిపించారు. ఫ్రౌ బ్రాండ్ ఫైలు తిప్పింది, బాగుందన్నట్టు తలాడించింది, హైమావతిగారి వైపు చూసి నెమ్మదిగా ఏదో అడిగింది.

మనోజ్ఞ వంగి, "పెద్దమ్మా, ఈమె నీకు ఏమైతదని అడుగుతున్నరు" అంది.

హైమావతిగారు బల్లని చూసింది, బల్లమీది ముద్రని చూసింది, అవతల కూర్చున్న మనిషిని చూసింది. కోటు కింద చీర కొంగు వెతుక్కుని భుజం నిండా కప్పుకుంది. వెన్ను నిటారుగా పెట్టి, రెండు చేతులూ జోడించింది.

"నమస్కారమండి. ఈసారి కాగితాలన్నీ తెచ్చానండి. పెళ్ళి ఫొటో కూడా తెచ్చానండి. ఇదివరకు రెండుసార్లు మెడ్రాసు ఒచ్చి ఎల్లిపోయానండి."

ఆవిడ ఇప్పుడెక్కడుందో రావుగారికి తెలిసింది. ఎనభై ఒకటి. మద్రాసులో వీసా ఆఫీసు.

"మూడేళ్ళయిందండి," ఆవిడ చెప్పుకుపోతోంది. "ఇంకా రాలేదని ఆయనకి రాయడం నా మనసొప్పట్లేదండి. ఒచ్చేస్తుంది, ఒచ్చేస్తుంది అని రాస్తన్నాను. ఆయనకసలే కోపం, అన్నం మానేస్తారు. క్రితంసారి నా ముందున్నావిడకి ఇచ్చారండి. నాకు రాలేదు. ఆవిడ బయటికొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చేసిందండి, మీకు రాలేదే అని. నేనే ఊరుకోబెట్టాను. నాకు రాకపోతే ఆవిడకీ రాకూడదా ఏంటండి. ఆవిడకీ మొగుడున్నాడు కదా. బొట్టు పెట్టి పంపించాను. ఈసారన్నా నన్ను పంపించండి."

మనోజ్ఞ అనువదించడం ఆపేసింది. కళ్ళు ఒత్తుకుని మళ్ళీ మొదలుపెట్టింది, ఒక్కో వాక్యం, ఒక్కో వాక్యం.

రావుగారు గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఆ మూడేళ్ళూ తన సొంత ఆస్తి అనుకున్నారు. గుడ్లు ఉడకబెట్టుకున్నది తనే, కడుపు మండింది తనకే. అవతల ఇరవై రెండేళ్ళ పిల్ల ఒక్కతే రైలెక్కి మద్రాసు వెళ్ళి, వరసలో నిలబడి, ఉత్త చేతులతో తిరిగి వస్తూ, ముందున్న మనిషికి బొట్టు పెట్టి వచ్చిందని ఆయనకి తెలియదు. నలభై ఏళ్ళలో ఒక్కసారి అడగలేదు. అడిగి ఉంటే తను అంత చిన్నవాడయ్యేవాడు కాడేమోనని ఆయనకి అక్కడే అనిపించింది, సిగ్గేసింది.

డోయినా కుర్చీలోంచి దిగి అమ్మగారి ముందు మోకాళ్ళమీద కూర్చుంది. ఎవరూ అడగలేదు, చెప్పలేదు. "ఇచ్చేశారండమ్మగారూ," అంది. "మీకు ఇచ్చేశారు."

"నిజంగానా?"

"ఆయ్. సంతకం కూడా అయిపోయిందండి. అయ్యగారు ఒచ్చి ఉన్నారు చూడండి, మీకోసం."

హైమావతిగారు తల తిప్పి భర్తని చూసింది. చాలాసేపు చూసింది. "చిక్కిపోయారు," అంది.



ఫ్రౌ బ్రాండ్ మనోజ్ఞ చెప్పిందంతా విని, చాలాసేపు టైపు చేసింది. తరవాత ఫైలులో ఒక పేజీ తీసి రావుగారి వైపు తిప్పింది. "ఇక్కడ మీరు బయటికి పోదామని ఓటేసినట్టు రాశారు. ఆ కవరు ఈమె చేతే పోస్టు చేయించానని కూడా రాశారు. ఇది ఎవరూ అడగలేదే. ఎందుకు రాశారు?"

"ఫైలులో కాగితం తగ్గకూడదండి," అన్నారు రావుగారు, జర్మన్‌లో. "ఆమె ఎందుకు ఉండాలో చెప్పే ఫైలు ఇది. ఆమెని పొమ్మన్నదెవరో కూడా అందులో ఉండాలి."

డోయినా తలెత్తి ఆయన్ని చూసింది. ఆ పేజీ సంగతి ఆమెకి తెలియదు.

ఆఫీసరు ఒక కాగితం అచ్చు తీసి, ముద్ర వేసి, డోయినా పేరు సరిచూసి ఇచ్చింది. అనుమతి కార్డు పోస్టులో వస్తుందంది. ఇవ్వడం ఇచ్చి, కింద ఉన్న ఒక వాక్యం మీద వేలు పెట్టి, "ఇది తప్పనిసరిగా ఉంటుంది, క్షమించండి" అంది.

ఫైలు సర్దుకుని లేచారు. హైమావతిగారిని రెండు చేతులతో పట్టుకుని నడిపిస్తూ డోయినా గుమ్మం దగ్గర ఆగింది.

"అయ్యగారూ, ఆ తలుపు కాస్త పట్టుకోండి," అంది.

ఆయన తలుపు పట్టుకున్నారు. వాళ్ళిద్దరూ దాటి, మనోజ్ఞ దాటి, వెనకాల వస్తున్న ఎవరో ఇద్దరు కూడా దాటేదాకా పట్టుకునే నిలబడ్డారు.

బస్‌స్టాపు దగ్గర మంచు ఆగింది. ముగ్గురూ బెంచీమీద కూర్చున్నారు, మధ్యలో హైమావతిగారు. డోయినా ఆ కాగితం ఆయనకిచ్చి, ఆ కింద ఏమని ఉందో చదవమంది. జర్మన్ ఆమెకీ వచ్చు గానీ, చట్టం భాష వేరు. ఆయన ఒకసారి చదువుకుని, తెలుగులో చెప్పారు. "శ్రీమతి హైమావతిని చూసుకుంటూ ఉన్నంత కాలమే ఈ అనుమతి చెల్లుతుంది. ఆవిడ ఉన్నంత వరకే."

రోడ్డుకి అవతల బడిపిల్లలు వరసగా వెళ్తున్నారు. డోయినా కాగితం తీసుకుని, మడతపెట్టి, కోటు లోపలి జేబులో పెట్టుకుంది. అమ్మగారి మెడచుట్టూ శాలువా బిగించింది.

"అమ్మగారూ, మీరు నిండా నూరేళ్ళుండాలండి," అంది.

"నూరేళ్ళా?" హైమావతిగారు భయపడింది. "అన్నాళ్ళు నాకెవరు చేస్తారమ్మా?"

"నేను చేస్తానండి. అయ్యగారూ నేనూ చేస్తాం."

హైమావతిగారు ఇటు తిరిగి ఆయన్ని చూసింది, అటు తిరిగి ఆమెని చూసింది. ఇద్దరూ తలాడించారు.

"అయితే ఉంటాను," అంది.